మేడ ఎవరిది? మేడ క్రింది నేల ఎవరిది?

తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము ఆఫీసు భవనాలను గూర్చి వ్రాయబూనడము కొందరికి వింతగా తోచవచ్చును. ఛందస్సుతోను, ప్రబంధాలతోను కాలము గడిపేవారికి చదరపు అడుగుల గొడవ ఎందుకని సహాధ్యాపకులు ఇదివరకే పరిహాసమాడారు. వారికి మేమిచ్చిన సమాధానము చిన్నది. మా వద్ద చదువుకొన్న పిల్లలు చాలమంది నేడు ఆ అద్దాల మేడల నీడననే బ్రతుకుతున్నారు. కొందరు పదునాలుగవ అంతస్తులో కంప్యూటరు ముందు కూర్చున్నారు. కొందరు క్రింద గేటు వద్ద నిలుచున్నారు. మరికొందరు అర్ధరాత్రి దాటిన తరువాత ఆ ఉద్యోగులను ఇండ్లకు చేర్చే కార్లు నడుపుతున్నారు. ఆ మేడలు ఎందుకు లేస్తున్నవో, ఎందుకు ఖాళీ అవుతున్నవో, వాటి లాభము ఎవరికి చేరుతున్నదో తెలుసుకొనే బాధ్యత ఒక్క వాణిజ్యశాఖ వారికే వదలిపెట్టడము న్యాయము కాదని మాకు తోచినది.

భాషతో పనిచేసేవారము గనుక ముందుగా ఒక మాట. ఆఫీసు అనే పదము మన నోళ్ళలో నలుగక పూర్వము మనకు కచేరీ ఉండేది, దఫ్తరు ఉండేది. కచేరీ అనగా పదిమంది కూడి కూర్చుండే చోటు. దఫ్తరు అనగా కాగితాల కట్ట, ఆ కట్ట ఉన్న చోటు. మొదటి మాటలో మనుష్యులున్నారు, రెండవ మాటలో కాగితాలున్నవి. భవనము మాత్రము రెండింటిలోనూ లేదు. చెట్టు క్రింద తహసీల్దారు కూర్చుంటే అదే కచేరీ. నేడు ఆఫీసు అనగానే భవనమే మనస్సుకు వచ్చును. అందులో మనుష్యులున్నారా లేరా అన్నది తరువాతి మాట. ఆఫీసు స్థలము అనేది బియ్యము వలె, బంగారము వలె కొనుటకు, అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు పనికివచ్చే ఒక సరకయినది. ఈ మార్పు ప్రపంచములోని మహానగరాలన్నింటను నూరేండ్లకు పైగా సాగుతూవచ్చినది.

మా అభిప్రాయాన్ని దాచకుండ ముందే చెప్పివేస్తాము. మేడ పాతబడును, నేల మిగులును. మేడ కట్టినవాడు ఒక్కొక్కప్పుడు దివాలా తీయును, అద్దెకున్నవాడు ఒకనాడు లేచిపోవును. నేలను చేయి జారనీయనివాడు ఈ రెండింటిని తట్టుకొని నిలుచును. ఈ సంగతి గ్రహించిన నగరాలు, సంస్థలు బాగుపడినవి. మన పాలకులు మాత్రము, ఏ పక్షమువారైనను, నేలనే అమ్ముకొంటున్నారు.

ఎత్తయిన మేడలకు మూలము లిఫ్టు, ఉక్కు అని పాఠ్యగ్రంథాలు చెప్పును. అది సగము మాటయే. 1885లో చికాగో నగరములో హోమ్ ఇన్సూరెన్సు భవనము పది అంతస్తులతో లేచినప్పుడు లోకము ఆశ్చర్యపడినది. ముప్పదియేండ్లు గడిచేసరికి న్యూయార్కులో ఈక్విటబుల్ భవనము వచ్చినది. ఎకరము కూడ నిండని స్థలములో 12 లక్షల చదరపు అడుగుల గదులు కట్టి 1915లో దానిని తెరిచారు. చుట్టుపట్ల వీధులకు వెలుతురు లేక, గాలి లేక, పొరుగువారు గగ్గోలు పెట్టారు. మరుసటి సంవత్సరమే, 1916లో, మేడ పైకి పోయినకొద్దీ వెనుకకు తగ్గవలెనని ఆ నగరము నిబంధన చేసినది. ఎంపైర్ స్టేటు వంటి భవనాలు మెట్లు మెట్లుగా కనిపించడానికి కారణము శిల్పి ముచ్చట కన్న ఆ నిబంధనయే ఎక్కువ. ఎకరము నేలపై పాతిక ముప్పది ఎకరాల గదులు పేర్చవలెనన్న తహతహ ఎందుకు పుట్టినది? నేల వెల వలన. నేల వెల పెరిగినందున మేడ ఎత్తయినది. మేడ ఎత్తు కాగలిగినందున నేల వెల మరింత పెరిగినది.

ఇక్కడ ఒక మహనీయుని పేరు తలచుకొనకుండ ముందుకు పోలేము. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టిన బెంగాలీ ముస్లిము. కలకత్తా సమీపాన శిబ్‌పూరులోను, ఢాకాలోను ఇంజనీరింగు చదివి, 1952లో విద్యార్థి వేతనముపై అమెరికా పోయి, చికాగోలో స్థిరపడినాడు. మేడ బరువును, గాలి తాకిడిని లోపలి స్తంభాలపై మోపక, వెలుపలి గోడనే ఒక గొట్టముగా మలచి నిలుపవచ్చునని చూపినాడు. వెదురు బొంగు లోపల బోలుగా ఉండియు గాలికి విరుగకుండుట మనకందరికీ తెలిసినదే. ఆ పద్ధతిలో 1969లో నూరు అంతస్తుల జాన్ హాంకాక్ భవనము, ఆ తరువాత 110 అంతస్తుల సియర్స్ భవనము లేచినవి. 1,450 అడుగుల సియర్స్ 1998లో కౌలాలంపూరు పెట్రోనాస్ జంటమేడలు వచ్చేవరకు ప్రపంచములో ఎత్తయిన భవనముగా పేరొందినది. ఎంపైర్ స్టేటుకు చదరపు అడుగుకు సుమారు 42 పౌనుల ఉక్కు పట్టగా, హాంకాక్ భవనానికి 30 పౌనులే చాలినవి. జిద్దా విమానాశ్రయములో హజ్ యాత్రికులకై గుడారాల వలె నిలిచిన విశాలమైన పందిరి కూడ ఆయన పనియే. ఆయన 1982లో జిద్దాలోనే కన్నుమూశారు. మన కళాశాల గ్రంథాలయములో సినిమా తారల జీవితాలున్నవి గాని ఆయన జీవితము లేదు.

ఇంతటి మేధావి చేసిన పొదుపు ఎవరికి దక్కినదని అడిగితే జవాబు చేదుగా ఉండును. ఎత్తు చవుక అయినది. అద్దెలు తగ్గినవా? లేదు. అదే నేలపై మరిన్ని అంతస్తులు నిలుపవచ్చును గనుక నేల యజమాని తన వెల పెంచినాడు. ఇంజనీరు మిగిల్చిన ఉక్కు డబ్బు నేలలోకి ఇంకిపోయినది. అర్థశాస్త్రజ్ఞులు దీనికి పెద్ద పేర్లు పెట్టుదురు గాక, మోటబావి త్రవ్వించుకొన్న కౌలుదారునికి మరుసటి ఏడు కౌలు పెంచిన భూస్వామి కథ మన పల్లెలలో ఎవరిని అడిగినా చెప్పుదురు.

లండనులో జరిగిన ఒక ఉదంతము దీనికంటె విచిత్రమైనది. అక్కడ 1964 నవంబరులో ప్రభుత్వము కొత్త ఆఫీసు భవనాలపై ఆంక్ష విధించినది. రాజధానిలో రద్దీ తగ్గింపవలెనని ఉద్దేశము. ఫలితము వేరొకటైనది. అప్పటికే అనుమతి సంపాదించినవారి భవనాలు అరుదైన సరకై, అద్దెలు ఎగసినవి. ఆ అదృష్టవంతులలో హారీ హయామ్స్ అనే కట్టుబడి వ్యాపారి ఒకడు. రోడ్డు కూడలి కొఱకు కొంత స్థలమిచ్చినందుకు ప్రతిఫలముగా అతనికి ఎత్తుగా కట్టుకొనే హక్కు దొరికినది. ఆక్స్‌ఫర్డు వీధి చివర, ముప్పదికి పైగా అంతస్తులతో, సెంటర్ పాయింట్ అనే మేడ 1966లో పూర్తి అయినది. పూర్తియైన తరువాత పదేండ్లకు చేరువగా అది ఖాళీగా నిలిచినది! మొత్తము మేడను ఒకే పెద్ద సంస్థ తీసుకొంటేనే ఇస్తానని యజమాని పట్టుబట్టినాడు. అద్దె రాకపోయినను అతనికి నష్టము లేదు. ఏటేటా అద్దెల మట్టము పెరుగుతున్నది గనుక, రేపు రాగల అద్దెను బట్టి నేటి వెల కట్టే లెక్కలో ఖాళీ మేడ కూడ ధనము పెట్టుచునే యుండెను.

ఆ మేడ నీడలోనే నిలువ నీడ లేని యువకులు వీధులలో పడుకొనేవారు. వారి కొఱకు 1969లో సోహో ప్రాంతపు ఒక మతాచార్యుడు స్థాపించిన ధర్మసంస్థకు సెంటర్‌పాయింట్ అనియే పేరు పెట్టారు. ఆ ఖాళీ మేడ దిక్కులేనివారికి అవమానమన్న భావము ఆ పేరులో ఉన్నది. 1974 జనవరిలో ఉద్యమకారులు కొందరు మేడలోనికి చొరబడి దానిని ఆక్రమించి లోకము దృష్టిని ఆకర్షించారు. తరువాత అందులో ఆఫీసులు వచ్చినవి, పోయినవి. చివరకు దానిని నివాసగృహాలుగా మార్చారు. 82 గృహాలు తయారైనవి. 2018లో, తగిన వెల రావడము లేదని చెప్పి, సుమారు సగము గృహాలను యజమానులు అమ్మకమునుండి వెనుకకు తీసుకొన్నారు. యజమాని మారినను, ఆఫీసు పోయి ఇల్లు వచ్చినను, మేడ తన పాత అలవాటు మానుకొనలేదు.

లండనులోనే కానరీ వార్ఫ్ కథ మరొక విధమైనది. తేమ్సు నదిపై నూరేండ్లకు పైగా ఓడలు దిగిన రేవులు 1980లో మూతపడినవి. ఆ నేలను అభివృద్ధి చేయడానికి 1981లో ప్రభుత్వము ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, మరుసటి సంవత్సరము అక్కడ కట్టేవారికి పదేండ్లపాటు స్థానిక పన్ను మినహాయింపునిచ్చినది. కెనడాకు చెందిన రైక్‌మన్ సోదరులు 1987లో పూనుకొని 1991 నాటికి 50 అంతస్తుల మేడ లేపారు. మేడ లేచినది గాని అక్కడికి చేరే దారి చాలలేదు. చిన్న రైలు ఒకటి ఉన్నను అది ఆ రద్దీకి ఆగలేదు. అదే సమయాన ఆఫీసుల గిరాకీ పడిపోయినది. 1992 మే నెలలో ఆ సంస్థ చేతులెత్తివేసినది. తరువాత 1999లో జూబిలీ భూగర్భరైలు అక్కడికి వచ్చినది. అప్పటినుండి మేడలు నిండినవి. ఆ రైలుమార్గానికి సుమారు 350 కోట్ల పౌన్లు ఖర్చయినది. అందులో అధికభాగము ప్రజల సొమ్ము. ఆ మార్గము వెంట స్వయముగా ఆస్తులు గల డాన్ రైలీ అనే లండను పౌరుడు 2001లో ఒక పుస్తకము వ్రాసి, స్టేషన్ల చుట్టుపట్ల నేల వెలలు సుమారు 1,300 కోట్ల పౌన్లు పెరిగినవని లెక్కవేసినాడు. తాను ఏ పనీ చేయకయే ధనవంతుడనయ్యానని, ఆ లాభములో కొంత రైలుకు చెల్లవలసియుండెనని అతని వాదము. లెక్కలో హెచ్చుతగ్గులుండవచ్చును గాని, లాభము పొందినవాడే ఇట్లు ఒప్పుకొనడము మేమెక్కడను చదివియుండలేదు.

2020లో వచ్చిన మహమ్మారి ఈ వ్యాపారము పునాదినే కదలించినది. ఇంటినుండియే పని చేయవచ్చునని అందరికీ తెలిసిపోయినది. 2023 చివరకు అమెరికా నగరాలలో ఆఫీసు స్థలములో 19.6 శాతము ఖాళీగా ఉన్నదని మూడీస్ సంస్థ లెక్కకట్టినది. నలుబదియేండ్లకు పైగా ఉన్న వారి లెక్కలలో అంతటి ఖాళీ అప్పటివరకు ఎన్నడును లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో 2024 నాటికి మూడవవంతుకు పైగా ఖాళీపడినది. సెయింట్ లూయీ నగరములో 44 అంతస్తుల టెలిఫోను సంస్థ మేడ ఒకటి 2006లో 20 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. అదే మేడ 2024లో సుమారు 36 లక్షల డాలర్లకు చేతులు మారినది. పెద్ద నగరాలలో ఒక్కొక్క నివాసగృహమే అంత వెల పలుకును.

ఇది చూచి నేల వెల కూడ చచ్చినది కదా, మీ వాదము తప్పు కదా అని ఎవరైనా అడుగవచ్చును. మంచి ప్రశ్న. నేలకు తనంతట తనకు వెల లేదు. చుట్టూ ఉన్న ఊరే దానికి వెల. రైలు, దీపము, బడి, వైద్యశాల, ఇరుగుపొరుగు, సాయంత్రము నిర్భయముగా నడువగలిగిన వీధి – ఇవి ఉన్నంతవరకే నేలకు వెల ఉన్నది. సెయింట్ లూయీ నడిబొడ్డున ఊరు పలుచబడినది, నేల చచ్చినది. ఊరి వలననే నేలకు వెల వచ్చునన్నప్పుడు ఆ వెలలో ఊరికి భాగముండవలెనన్నది కూడ అందులోనుండియే తేలుతున్నది కదా!

మరొక వంక, మహమ్మారి తరువాత కొత్త మేడలు ఆగినవని ఎవరైనా అనుకొంటే పొరపాటు. పాతవి ఖాళీ అవుతుండగా అత్యుత్తమమైన కొత్తవి నిండుతున్నవి. న్యూయార్కు పార్కు ఎవెన్యూలో 1960 నాటి 52 అంతస్తుల మేడను జె.పి. మోర్గాన్ బ్యాంకువారు కూల్చివేసి, దాని స్థానములో 1,388 అడుగుల కొత్త మేడ కట్టి 2025లో తెరిచారు. ఆ పాత మేడను విద్యుత్తు, నీరు పొదుపు చేసే విధముగా బాగుచేసి 2012లో ఉన్నతశ్రేణి ధ్రువపత్రము కూడ పొందియుండిరి. ఏడేండ్లు గడవకముందే కూల్చడము ఆరంభించారు. లండనులో హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు తన కానరీ వార్ఫ్ మేడను విడిచి, అంతకన్న చిన్నదైన సెయింట్ పాల్ సమీప భవనానికి పోవడానికి 2023లో నిర్ణయించినది. న్యూయార్కు వాటర్ వీధిలోని ఒక పాత ఆఫీసు మేడలో 1,300 నివాసగృహాలు వచ్చినవి. అన్ని మేడలు ఇట్లు మారలేవు. ఆఫీసు మేడ నడుమభాగము కిటికీలకు దూరముగా చీకటిగా ఉండును. ప్రతి ఇంటికి వంటగది, స్నానపుగది, వాటి గొట్టాలు కావలెను. ఆఫీసులో అంతస్తుకు రెండు చోట్ల ఉంటే చాలును. మార్చడము కన్న కూల్చడమే చవుక అయిన మేడలు ఎన్నో ఉన్నవి. ఏబది అరువదియేండ్లకు మేడకు ముసలితనము వచ్చును. మనిషి ఆయువు కన్న అది తక్కువే.

ఇక నేలను నిలుపుకొన్నవారి సంగతి. న్యూయార్కులో ట్రినిటీ చర్చి అనే దేవాలయానికి 1705లో ఇంగ్లండు రాణి ఆన్ 215 ఎకరాల పొలము దానము చేసినది. కాలక్రమములో అధికభాగము చేయిదాటిపోగా ఇప్పటికి 14 ఎకరాలు మాత్రము మిగిలినవి. ఆ 14 ఎకరాలపై ఆఫీసు భవనాలున్నవి. డిస్నీ సంస్థ తన కార్యాలయానికై 2018లో అందులో ఒక స్థలాన్ని 99 ఏండ్ల కౌలుకు 65 కోట్ల డాలర్లిచ్చి తీసుకొన్నది. కౌలు ముగియగానే నేల తిరిగి చర్చికే వచ్చును. ఆ ఆదాయముతో ఆ చర్చి ధర్మకార్యాలు సాగిస్తున్నది. మూడు వందల యేండ్లనాటి మాన్యము నేటికిని ఫలిస్తున్నదన్నమాట. అమ్ముకొన్న రెండు వందల ఎకరాలను తలచుకొని ఆ ధర్మకర్తలు నిట్టూర్చకుండ ఉంటారని మేమనుకోము!

అదే నగరములో ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంటమేడల నేల రెండు రాష్ట్రాల ఉమ్మడి రేవు అధికార సంస్థది. 2001 జులైలో ఆ సంస్థ మేడలను 99 ఏండ్లకు ఒక వ్యాపారికి కౌలుకిచ్చినది. ఏడు వారాలు గడవకముందే, సెప్టెంబరు 11న, ఆ ఘోరము జరిగినది. సుమారు మూడు వేలమంది నిరపరాధుల ప్రాణాలు పోయినవి. ఆ దుఃఖము ముందు నేల లెక్కలు చెప్పడము సబబు కాదు గాని, ఒక్కటి మాత్రము చెప్పక తప్పదు. మేడలు లేకపోయినను నేల ప్రజాసంస్థదిగానే ఉన్నందున, అక్కడ ఏమి రావలెను, ఎంత భాగము స్మారకముగా విడువవలెను అన్న విషయములో ప్రజల మాటకు చోటు దొరికినది. జపానులో టోకియో నగరపు మరునౌచి ప్రాంతాన్ని మిత్సుబిషీవారు 1890లో ప్రభుత్వమునుండి కొన్నారు. 1923లో కట్టిన మేడను కూల్చి 2002లో మరొకటి కట్టుకొన్నారు. నేల మాత్రము నూరేండ్లు దాటినను వదలలేదు. వ్యాపారికి తెలిసిన ఈ రహస్యము ప్రభుత్వాలకు ఎందుకు తెలియరాదు?

హాంగ్‌కాంగులో తెలిసినది. అక్కడ ఒక్క సెయింట్ జాన్ చర్చి స్థలము తప్ప తక్కిన నేల అంతయు ప్రభుత్వము కౌలుకిచ్చినదే. 1985 తరువాతి కౌళ్ళకు, ఆస్తి యొక్క అద్దె విలువలో 3 శాతము ఏటేటా ప్రభుత్వానికి చెల్లింపవలెను. అద్దెలు పెరిగితే ఆ 3 శాతమును పెరుగును. అక్కడి రైలుసంస్థకు స్టేషన్లపై మేడలు కట్టించే హక్కునిచ్చి, ఆ లాభముతోనే మార్గాలు వేయించారు. అయితే ఆ ఊరిని ఆదర్శమని మేము చెప్పబోము. కౌలు కుదిరే రోజున ఒకేసారి పెద్దమొత్తము పుచ్చుకొనే అలవాటు వలన ప్రభుత్వము కూడ నేల వెల తగ్గరాదని కోరుకొనే స్థితికి వచ్చినది. ఆ భారము చివరకు ఇరుకుగదులలో ఉండే బీదవారిపై పడినది. కౌలు అంటే ఏటేటా, అద్దెలతో పాటు పెరిగేదిగా, తక్కువ తక్కువగా పుచ్చుకొనేదిగా ఉండవలెను. ఒకేసారి పుచ్చుకొనే కౌలుకు, అమ్మకానికి పెద్ద భేదము లేదు.

మా పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ కౌలాలంపూరులో ఉన్నది. అక్కడ నగరమధ్యములో ఒక దాత వక్ఫు చేసిపోయిన స్థలము ఉండెను. దానిని అమ్మలేదు. హజ్ యాత్రికుల పొదుపుసొమ్ము చూచుకొనే సంస్థ అయిన తాబుంగ్ హాజీవారు దానిని పాతికేండ్ల కౌలుకు తీసుకొని 34 అంతస్తుల ఆఫీసు మేడ కట్టారు. బ్యాంక్ ఇస్లామ్ అందులో చేరినది. యాత్రికుల పొదుపు, వక్ఫు నేల, బ్యాంకు అద్దె – మూడును ఒకదానినొకటి పోషించుకొంటున్నవి. ఖైబరులో తమకు వచ్చిన మంచి భూమిని ఏమి చేయవలెనని హజ్రత్ ఉమర్ అడిగినప్పుడు, మూలమును అమ్మక, పంచక నిలిపి, ఫలమును ధర్మానికి వినియోగింపుమని ప్రవక్త సెలవిచ్చిన సంగతి ముస్లిము బాలబాలికలకు తెలిసినదే. ఆఫీసు మేడల కాలానికి ఆ సూత్రము ఇంత చక్కగా అమరునని మేము కూడ ఈ వ్యాసము వ్రాయపూనేవరకు తలంచలేదు. దేవమాన్యాలు, అగ్రహారాలు ఇచ్చిన మన తెలుగు రాజులకు కూడ ఈ భావము కొత్త కాదు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అక్కడికి మెట్రో రైలు 2019 మార్చిలో చేరినది. నడుమ ఇరువదియేండ్లు గడిచినవి. ఆ కాలమంతయు మా పిల్లలు బస్సుల ఫుట్‌బోర్డులపై వ్రేలాడుతూ, షేర్ ఆటోలలో ఒదిగి కూర్చుండి, జీతములో కొంత, ఆయువులో కొంత రోడ్డుమీదనే ఖర్చు చేశారు. రైలు వచ్చిన తరువాత దాని చుట్టుపట్ల నేల వెల ఏమైనదో చెప్పనక్కరలేదు. లండను రైలీవంటివాడు ఇక్కడ మాత్రము ఒక్కడును ముందుకు రాలేదు. పైగా 2006లో మన నగరములో, స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చునన్న పరిమితినే తొలగించారు. ముఖ్యముగా రోడ్డు వెడల్పు, చుట్టూ వదలే ఖాళీ స్థలము చూచి ఎత్తు నిర్ణయింతురు. న్యూయార్కు 1916లో పెట్టుకొన్న కళ్ళెమును మనము 2006లో విప్పుకొన్నామనవచ్చును. ఆ మేలు నేల యజమానికి చేరినది. నేల ప్రజలదైనచోట ప్రజలకు చేరియుండవలసినది. కాని ఆ నేల ఉన్నదెక్కడ? 2023 ఆగస్టులో కోకాపేట వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షలు పలికినది. 2025 అక్టోబరులో రాయదుర్గములో ఎకరము 177 కోట్లకు పోయినది. పత్రికలు ఈ అంకెలను క్రికెట్టు పరుగుల వలె ప్రకటించినవి. ఒక్క రెండేండ్లలో వెల ఇంత పెరిగినదంటే, 2023లో అమ్మినది తొందరపడి అమ్మినట్లే కదా అని ఎవరును అడుగలేదు. 2025లో అమ్మినదానిని గూర్చి మరికొన్నాళ్ళకు అదే మాట అనుకొనవలసివచ్చునేమో.

మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1,654 ఎకరాలపై నడిచిన వివాదము మా పాఠకులు ఎరుగనిది కాదు. ఆ నేలలో పెద్ద పెద్ద సంస్థల ఆఫీసులు వెలసినవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పినది. దానిని తిరగతోడడము మా ఉద్దేశము కాదు, అందుకు మాకు శక్తియు లేదు. మా మనస్సులో మెదలే ప్రశ్న వేరు. యేండ్ల తరబడి నేల నాదంటే నాదని పోరాడిన పక్షాలలో, నాదైతే దీనిని ఎన్నటికిని అమ్మను, దీని ఫలముతో ఇన్ని బడులు, ఇన్ని వైద్యశాలలు నడుపుతానని లెక్క వేసి చూపినవారెవరు? ప్రభుత్వము గెలిచినది. గెలిచినవారు యజమాని వలె నడుచుకొనవలెను. వేలము పాడి అమ్ముకొనేవాడు యజమాని ఎట్లగును?

అమ్మిన డబ్బుతో రోడ్లు వేశారు, పథకాలు నడిపారు గదా అని వాదింతురు. కాదనము. ఆ సంవత్సరపు ఖర్చుకు తరతరాల ఆస్తిని విడిచిపెట్టడము ఏ గృహస్థుడు చేసినను ఊరివారు నవ్వుదురు. కౌలుకైతే పెట్టుబడిదారులు రారన్న వాదము మరొకటి. సింగపూరులో ప్రభుత్వము ఆఫీసు స్థలాలను సాధారణముగా 99 ఏండ్లకే ఇచ్చును. అక్కడికి రాని బ్యాంకు ఏదైనా ఉన్నదా? వక్ఫు బోర్డులవారి అసమర్థతను ఎత్తిచూపేవారితో మాత్రము మేము వాదింపలేము. పట్టణాల నడిబొడ్డున నెలకు టీ ఖర్చుపాటి అద్దెకు పోతున్న వక్ఫు దుకాణాలను మేమును చూచియున్నాము. ఆ లోపము మనది, మన పెద్దలది. అయినను 2013 నాటి సవరణ చట్టము వాణిజ్యానికి, విద్యకు, వైద్యానికి వక్ఫు ఆస్తులను ముప్పదియేండ్లవరకు కౌలుకిచ్చే వీలు కల్పించినది. కౌలాలంపూరులో 34 అంతస్తులకు పాతికేండ్లే చాలినవి.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు మన జిల్లాలోని ఒక్క వక్ఫు స్థలాన్ని గాని, ఒక్క దేవాదాయ స్థలాన్ని గాని తీసుకొని, దానిపై రెండంతస్తుల ఆఫీసు కడితే ఏటా ఎంత వచ్చునో, ఆ డబ్బుతో ఎందరికి విద్యార్థి వేతనాలు ఇవ్వవచ్చునో ఈ వేసవిలో లెక్కవేయవచ్చును. లెక్కలు మాకు అంతగా రావు గాని, దానిని మంచి తెలుగులోనికి, వారు కోరితే ఉర్దూ శాఖవారి సాయముతో ఉర్దూలోనికి, తెచ్చే బాధ్యత మేము తీసుకొంటాము. ప్రభుత్వమువారికి చెప్పవలసినది ఇంతకన్న చిన్నది. వచ్చే వేలము ప్రకటనలో విక్రయము అని ఉన్నచోట కౌలు అని, ధర అని ఉన్నచోట ఏటేటి అద్దె అని మార్చి అచ్చువేయవచ్చును.